కాలనీలో కుక్కల పార్కు అడగాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

బూరె_వాళ్ళ_అమ్మ | 16 నవంబర్ 2025, రాత్రి 9:20

కార్తీకం చివరి ఆదివారం కదా, ఈ రోజు మా కాలనీ పార్కులో వనభోజనాలు పెట్టుకున్నాం. ఉసిరి చెట్టు కింద విస్తళ్ళు వేసి పులిహోర వడ్డిస్తుండగా మా బూరె మెడపట్టీ విదిలించుకుని వచ్చి, ఒక పెద్దాయన విస్తట్లోని గారె ఎత్తుకుపోయింది. బూరె అంటే మా లాబ్రడార్. నవ్వినవాళ్ళు నవ్వారు, తిట్టినవాళ్ళు తిట్టారు. సాయంత్రానికి గేటుకు బోర్డు వెలిసింది: "కుక్కలకు ప్రవేశం లేదు".

మాది మియాపూర్ దాటాక ఉన్న పాత లేఅవుటు. ఇప్పుడు ప్రతి రెండో ఇల్లూ అపార్ట్‌మెంటుగా మారింది. కుక్కలను పెంచుకునే ఇళ్ళు చాలా ఉన్నాయి. పొద్దున్నే అందరమూ రోడ్డు మీదే తిప్పుతాం. ఒక పక్క స్కూలు బస్సులు, ఇంకో పక్క వీధి కుక్కల మొరుగుడు. మూడో లైను చివర హై టెన్షన్ తీగల కింద పొడవాటి ఖాళీ జాగా ఉంది. సర్కారు తుమ్మ పెరిగిపోయింది, ఇళ్ళు కూలగొట్టిన మట్టి, పగిలిన కమోడ్లు తెచ్చి అక్కడే పోస్తున్నారు. దాన్ని శుభ్రం చేసి, కంచె వేసి కుక్కల పార్కు చేయమని కార్పొరేషన్‌ను అడగాలనుకుంటున్నాం. ఇలాంటి పనికి ముందు ఎవరైనా తిరిగి ఉంటే చెప్పండి. ఎవరిని కలవాలి? అర్జీలో ఏం రాయాలి?

విశ్రాంత_ఏఈ | 16 నవంబర్, రాత్రి 10:05

అమ్మా, ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్లు పార్కు సంగతి అప్పుడే వద్దు. ఆ నేల ఎవరిదో ముందు తేల్చండి. తీగల కింద ఖాళీగా ఉన్నంత మాత్రాన అది ప్రభుత్వానిదని అనుకోకూడదు. ఎవరో రైతు పట్టా భూమి మీదుగా లైను వెళ్ళి ఉండవచ్చు. పోరంబోకు కావచ్చు. లేదా మీ లేఅవుటు మంజూరులోనే హరిత పట్టీగా చూపించి ఉండవచ్చు. మూడోది అయితే మీ అదృష్టం. 2012 నాటి భవన నిర్మాణ నియమాల్లో (జీవో 168) టవర్ లైను కింద, టవర్ పునాది వెడల్పు మేరకు హరిత పట్టీగా అభివృద్ధి చేయాలని స్పష్టంగా ఉంది. అంటే చెట్లో గడ్డో పెంచమని మీరు కొత్తగా దేనినీ వరంగా అడగనక్కరలేదు, నియమం అమలు చేయమంటే చాలు.

మంజూరైన లేఅవుటు నకలు కావాలని సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. రుసుము 10 రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు. సర్వే నంబరు తప్పకుండా రాయండి. లేకపోతే "వివరాలు అసంపూర్ణం" అని ఒక వాక్యం రాసి తిప్పి పంపుతారు. ముప్పై ఏళ్ళు అవతలి కుర్చీలో కూర్చున్నవాణ్ణి, ఆ వాక్యం నాకు బాగా తెలుసు.

ఒక హెచ్చరిక. మీ లేఅవుటులో పిల్లల ఆటస్థలంగా గుర్తించిన జాగా వైపు మాత్రం కన్నెత్తి చూడకండి. పార్కు కోసం వదిలిన స్థలాన్ని బెంగళూరులో ప్రైవేటు నర్సింగ్ హోముకు కట్టబెట్టబోతే 1991లో సుప్రీంకోర్టు కుదరదని చెప్పింది (బెంగళూరు మెడికల్ ట్రస్టు కేసు). లేఅవుటులో ఒక అవసరానికి వదిలినది ఆ అవసరానికే ఉండాలి. మీ వ్యతిరేకుల చేతికి ఆ తీర్పు అందించకండి.

మూడో_లైను | 17 నవంబర్, ఉదయం 6:40

నేను ఆ తుమ్మ చెట్ల ఎదురుగానే ఉంటాను. చర్చ చూసి నిద్ర పట్టలేదు.

మా కాలనీ పార్కులో ఉయ్యాల గొలుసు తెగి ఎన్ని నెలలైందో అడిగినవాళ్ళు లేరు. ఇప్పుడు కుక్కలకు పార్కు. మా అబ్బాయికి ఆరేళ్ళు. పోయిన ఏడాది బస్సు దిగి వస్తుంటే వీధి కుక్క పిక్క పట్టుకుంది. 0, 3, 7, 28 రోజుల లెక్కన సూదులు వేయించాం. ఇప్పటికీ లిఫ్టులో పక్కింటివాళ్ళ పొమరేనియన్ కనబడినా నా వెనక దాక్కుంటాడు. 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో నాలుగేళ్ళ పసివాడిని వీధి కుక్కలు చంపిన వీడియో ఈ నగరంలో చూడనివాళ్ళు లేరు. అది చూశాక కూడా కుక్కలకు స్థలం చాలడం లేదని ఎలా అంటారు?

వ్యక్తిగతంగా తీసుకోకండి. కానీ సంతకాలకు మా గుమ్మానికి వస్తే ఇదే చెబుతాను.

కానుగ_నీడ | 17 నవంబర్, ఉదయం 7:15

మీ అబ్బాయికి జరిగింది చిన్న విషయం కాదు. అయితే కరిచినది వీధి కుక్క, అడుగుతున్నది పెంపుడు కుక్కలకు. రెండూ కలిపేస్తే దేనికీ పరిష్కారం దొరకదు.

బూరె వాళ్ళ అమ్మగారికి నాదొక ప్రశ్న. ఆ తుమ్మ చెట్లలో ఇప్పటికే ఉంటున్న కుక్కల సంగతేమిటి? మా వైపు ఇలాంటి జాగాకు కంచె వేశారు. లోపల ఉండే గుంపు పక్క వీధిలోకి వచ్చి పడింది. అక్కడి గుంపుతో రోజూ యుద్ధమే. కాట్లు పెరిగింది అప్పుడే. ముందు వాటి చెవులు చూడండి. చెవి అంచున చిన్న కత్తిరింపు ఉంటే సంతాన నిరోధక శస్త్రచికిత్స అయినట్లు, ఆ సమయంలోనే రేబిస్ టీకా కూడా వేస్తారు. కత్తిరింపు లేనివి ఎన్ని ఉన్నాయో లెక్క తీసి, శస్త్రచికిత్సలు పూర్తయ్యాకే కంచె పని మొదలుపెట్టమని అర్జీలోనే రాయండి.

మూడో_లైను | 17 నవంబర్, ఉదయం 7:31

చెవి కత్తిరించిన కుక్క కరవదా?

కానుగ_నీడ | 17 నవంబర్, ఉదయం 7:48

కరవదని ఎవరూ హామీ ఇవ్వలేరు. ఎద కాలంలో జరిగే కొట్లాటలు, పిల్లల్ని కాపాడుకునే తల్లి కుక్క తెగింపు తగ్గుతాయి. కరిచినా రేబిస్ భయం తగ్గుతుంది. అంతకు మించి చెబితే అబద్ధమవుతుంది.

పొద్దుటి_నడక | 17 నవంబర్, ఉదయం 8:30

సుప్రీంకోర్టు కుక్కలన్నిటినీ పట్టుకుపొమ్మన్నది కదా! ఇంకా ఈ చర్చ ఎందుకు?

కానుగ_నీడ | 17 నవంబర్, ఉదయం 9:02

అనలేదండీ. ఆగస్టు 11న ఢిల్లీ పరిసరాల గురించి ఇచ్చిన ఆదేశాన్ని ఆగస్టు 22న పెద్ద ధర్మాసనం మార్చింది. శస్త్రచికిత్స, టీకా, నులిపురుగుల మందు అయ్యాక పట్టిన చోటే వదలాలి. రేబిస్ ఉన్నవాటిని, దూకుడుగా ఉన్నవాటిని వదలకూడదు. తిండి పెట్టడానికి వేరే చోట్లు గుర్తించాలి. మొన్న నవంబర్ 7న వచ్చినది బడులు, ఆసుపత్రులు, క్రీడా ప్రాంగణాలు, బస్సు, రైల్వే స్టేషన్ల గురించి. అక్కడ పట్టిన కుక్కలను మళ్ళీ అక్కడ వదలకూడదు. కాలనీ వీధులు ఆ జాబితాలో లేవు. వాట్సాప్‌లో అన్నీ కలిపి ఒకే వార్తగా తిరుగుతున్నాయి.

కోశాధికారి_గారు | 17 నవంబర్, మధ్యాహ్నం 1:10

నేను వేరే కాలనీ సంఘంలో లెక్కలు చూస్తాను. ఇలాంటి ప్రతిపాదన మా దగ్గరా వచ్చింది. ఆగిపోయింది కంచె ఖర్చు దగ్గర కాదు, పెంట ఎవరు ఎత్తాలి అన్న దగ్గర.

సమావేశంలో గంటన్నర వాదన. పెంచుకునేవాళ్ళు "శుభ్రం చేసే మనిషి ఉంది కదా" అన్నారు. అప్పటికి మూలన నిలబడి టీ గ్లాసులు తీస్తున్న ఆమె ఒక్క మాట అన్నది: "పార్కు కట్టండి, మానండి. పొద్దున్నే నా చీపురుకు తగలకుండా చూడండి చాలు." ఆ తరువాత ఎవరూ నోరు విప్పలేదు. తీర్మానం కూడా కాలేదు.

అందుకని నా సలహా: సంతకాలకు బయలుదేరే ముందు మీ కుక్కల యజమానులంతా ఒక నెలపాటు చేతిలో పాత వార్తాపత్రికో కాగితపు సంచో పట్టుకుని తిరగండి. ఎవరి కుక్క పెంట వాళ్ళే ఎత్తండి. కాలనీ మొత్తం చూస్తుంది. ఆ తరువాత మీరు అడిగే మాటకు బరువు ఉంటుంది.

పశువైద్యం_కరీంనగర్ | 17 నవంబర్, రాత్రి 9:45

పార్కు రావడం మంచిదే. సరిగ్గా కట్టకపోతే మాత్రం అది మాకు రోగులను పంపే చోటవుతుంది. అనుభవంతో చెబుతున్నాను.

అన్నిటికన్నా భయం పార్వో. కుక్కపిల్లల్లో రక్తపు విరేచనాలు, వాంతులతో రెండు మూడు రోజుల్లో ప్రాణం తీస్తుంది. ఆ వైరస్ నేలలో నెలల తరబడి, అనుకూలిస్తే ఏడాది దాకా, బతికే ఉంటుంది. ఫినాయిల్‌కు చావదు. బ్లీచింగ్ ద్రావణం గచ్చు మీద పనిచేస్తుంది, మట్టిలో చేయదు. అందుకే టీకాలు పూర్తికాని పిల్లలకు ప్రవేశం ఉండకూడదు. మొదటి టీకా ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలై, పదహారు వారాల దాకా విడతలుగా సాగుతుంది. చివరి సూది తరువాత మరో రెండు వారాలు ఆగితే మేలు. గేటు దగ్గర టీకా కార్డు చూడటం మొహమాటపడే పని కాదు.

రెండోది పిడుదులు. ఎత్తుగా పెరిగిన గడ్డిలో ఉంటాయి, వాటి కాటుతో వచ్చే జ్వరానికి రక్తకణాలు పడిపోతాయి. గడ్డి పొట్టిగా కోయాలి, సర్కారు తుమ్మ వేర్లతో సహా పోవాలి. మూడోది నిలవ నీరు. వానాకాలంలో ఎలుకల మూత్రం కలిసిన నీటిగుంటల నుంచి లెప్టోస్పైరోసిస్ వస్తుంది. అది మనుషులకూ అంటుతుంది. కాబట్టి నేలను వాలుగా తీర్చి, నీరు పోయే దారి చూడాలి. పక్కన నాలా ఉందా?

గేట్లు రెండు ఉండాలి, ఒకదాని వెనక ఒకటి. మొదటి గేటు మూశాకే రెండోది తెరవాలి. ఆ మధ్య చిన్న గదిలాంటి జాగాలో పలుపు విప్పుతారు. ఈ ఒక్క ఏర్పాటు లేక ఎన్ని కుక్కలు రోడ్డెక్కి బండ్ల కింద పడ్డాయో మా దగ్గరకు వచ్చేవాళ్ళకు తెలుసు. పది కిలోల లోపు కుక్కలకు వేరే ఆవరణ. ఎదకు వచ్చిన ఆడ కుక్కను తేకూడదు. లోపల తిండి, బంతులు వద్దు. స్నేహంగా ఉండే రెండు కుక్కలు కూడా ఒక బిస్కెట్టు దగ్గర కొట్టుకుంటాయి.

ఫ్రీమాంట్_వాసి | 18 నవంబర్, ఉదయం 5:55

నేను కాలిఫోర్నియాలో ఉంటాను. మా వైపు బర్క్‌లీలో ఓలోనీ డాగ్ పార్కు అని ఉంది. 1979లో మొదలైంది, ప్రపంచంలో మొదటి కుక్కల పార్కు అదేనంటారు. ఆ నేల కథ మీకు పనికి వస్తుంది. భూగర్భ రైలు మార్గం తవ్వడం కోసం అక్కడి ఇళ్ళు తీసేశారు. సొరంగం పూర్తయ్యాక పైన ఖాళీగా మిగిలిన పట్టీ అది. దాన్ని పార్కు చేయాలని జనం పట్టుబట్టారు, అందులో ఒక ముక్కను కుక్కలకు ప్రయోగాత్మకంగా ఇచ్చారు. ఆ ప్రయోగమే స్థిరపడింది. విస్తీర్ణం అర ఎకరం లోపే.

మీరు కూడా శాశ్వతంగా కావాలని అడగకండి. "ఆరు నెలలు పెట్టి చూడండి, నచ్చకపోతే తీసేయండి" అనండి. అధికారికి సంతకం పెట్టడం తేలికవుతుంది.

విశ్రాంత_ఏఈ | 18 నవంబర్, ఉదయం 8:20

అమెరికా ఉదాహరణ అనగానే నా చెయ్యి నుదుటికి వెళ్ళింది కానీ, ఈ సలహా బాగుంది. ప్రయోగాత్మకం అన్న మాట ఫైలులో చక్కగా నడుస్తుంది.

బెంగళూరు_మల్లేశ్వరం | 18 నవంబర్, మధ్యాహ్నం 12:40

ఇక్కడ కబ్బన్ పార్కులో 2022లో కుక్కలను రానివ్వకూడదని ఉద్యానశాఖ తలపెట్టింది. యజమానులు పలుపు లేకుండా వదులుతున్నారు, పెంట ఎత్తడం లేదు అన్నవి ఫిర్యాదులు. పెద్ద ఎత్తున వ్యతిరేకత రావడంతో నిషేధం వెనక్కి పోయింది. అంత పేరున్న పార్కులో, అంతమంది మద్దతు ఉన్నచోట కూడా మెడ మీదికి వచ్చినది ఆ రెండు ఫిర్యాదుల వల్లే. కోశాధికారి గారు చెప్పినది అక్షరాలా నిజం.

కొండాపూర్_దగ్గర | 18 నవంబర్, సాయంత్రం 6:15

మన నగరంలోనే ఉదాహరణ ఉండగా కాలిఫోర్నియా దాకా ఎందుకు? కొండాపూర్‌లో జీహెచ్‌ఎంసీ కుక్కల పార్కు 2018లో వచ్చింది. అంతకు ముందు అది చెత్త పోసే జాగా. 1.3 ఎకరాలు, కోటి పది లక్షల దాకా ఖర్చు. నడక బాట, పచ్చిక, కుక్కలు దిగే నీటి తొట్టె, శిక్షణకు దూకే పలకలు, పెద్ద కుక్కలకూ చిన్న కుక్కలకూ వేరువేరు ఆవరణలు. కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా ధ్రువీకరణ కూడా దొరికింది. మా స్పానియల్‌ను తీసుకువెళ్ళిన మొదటి రోజు నేను చూసినదంతా గేటు దగ్గరే. లోపలికి వెళ్ళే కుక్క తోక గిరగిరా తిరుగుతుంది, బయటికి వచ్చేది నాలుక వేలాడేసుకుని నడవలేక నడుస్తుంది.

అయితే బూరె వాళ్ళ అమ్మగారూ, మీరు అంత అడగకండి. అది నగరానికి ఒక పార్కు. మీకు కావలసినది వీధికి ఒక మూల. మియాపూర్ నుంచి కొండాపూర్‌కు కుక్కను ఆటో ఎక్కించుకునేవాడు లేడు. కారు లేనివాళ్ళు, వీధి కుక్కను తెచ్చి పెంచుకున్నవాళ్ళు నడిచి వెళ్ళగలిగేదే కాలనీ పార్కు. ఈ మాట అర్జీలో పెట్టండి. కుక్కల పార్కు అంటే డబ్బున్నవాళ్ళ సరదా అన్న మాటకు అదే జవాబు.

బూరె_వాళ్ళ_అమ్మ | 19 నవంబర్, రాత్రి 8:50

అందరికీ నమస్కారాలు. సమాచార హక్కు దరఖాస్తు పెట్టాం. ఈలోగా సంఘంలో ఒక పెద్దాయన పాత లేఅవుటు నకలు ఇంట్లో వెతికి తెచ్చారు, అంచులు చెదలు కొట్టేసింది కానీ చదవడానికి వస్తోంది. తీగల కింది పట్టీ ఆకుపచ్చ గీతలతో "గ్రీన్ బెల్ట్" అని ఉంది!

అర్జీ చిత్తు ప్రతి ఇదిగో:

"మా కాలనీలోని పెంపుడు జంతువుల హక్కులను గుర్తించి, అంతర్జాతీయ ప్రమాణాలతో కూడిన కుక్కల పార్కును ఈత కొలను, శిక్షణ పరికరాలు, హై మాస్ట్ దీపాలు, విశ్రాంతి మందిరంతో వెంటనే నిర్మించవలసిందిగా కోరుతున్నాము. భారత జంతు సంక్షేమ మండలి 2015 మార్గదర్శకాల ప్రకారం పెంపుడు కుక్కలను నిషేధించే అధికారం సంఘాలకు లేదని గమనించగలరు."

విశ్రాంత_ఏఈ | 19 నవంబర్, రాత్రి 9:35

అమ్మా, ఈ కాగితం ఇస్తే నేనైనా తిరస్కరించేవాణ్ణి.

హై మాస్ట్ దీపం హై టెన్షన్ తీగ కిందా? ఆ ఒక్క మాట చాలు, విద్యుత్ శాఖ ఫైలు మూసేస్తుంది. తీగల కింద మందిరం కట్టనివ్వరు, ఎత్తుగా పెరిగే చెట్టు నాటనివ్వరు. ఇనుప కంచె వేస్తే దానికి తగిన ఎర్తింగ్ ఇవ్వాలి, లేకపోతే పైన లైను ప్రభావంతో కంచెలో విద్యుత్తు పుట్టి ముట్టుకున్నవాళ్ళకు జివ్వుమంటుంది. టవరు కాళ్ళ చుట్టూ వాళ్ళ సిబ్బంది ఎక్కడానికి దారి వదలాలి. ఈ లైన్లు చూసే విద్యుత్ సంస్థ ట్రాన్స్‌కో అనుమతి లేకుండా ఒక్క స్తంభం పాతకండి.

హక్కులు తీసేయండి. అంతర్జాతీయం తీసేయండి. కొలను తీసేయండి. 2015 మార్గదర్శకాలు నిజమే, ఆ మాట నిజంగా అవసరం పడినప్పుడు వాడుకోండి. మొదటి కాగితంలోనే చట్టం చూపిస్తే చదివేవాడు న్యాయ విభాగానికి పంపి చేతులు దులుపుకుంటాడు.

అయిదే కోరికలు పెట్టండి: చెత్త, తుమ్మ తొలగింపు, ఎర్తింగ్‌తో కంచె, రెండు గేట్లు, ఒక కుళాయి, మూతలున్న చెత్త డబ్బాలు. లోపల వేప, కానుగ మొక్కలు ఉంటే నరకమనకండి. వాల్టా చట్టం (2002) ప్రకారం అనుమతి కావాలి. తీగకు తగిలేంత పెరిగితే కొమ్మలు వాళ్ళే కోస్తారు.

శీర్షిక కూడా మార్చండి. "హై టెన్షన్ లైన్ల కింది హరిత పట్టీ అభివృద్ధి" అని పెట్టండి. కుక్కల సంగతి లోపల మూడో పేరాలో ఉంటే చాలు.

మూడో_లైను | 19 నవంబర్, రాత్రి 10:12

చూశారా! ఇదే నాకు నచ్చనిది. పచ్చదనం అని సంతకాలు తీసుకుని లోపల కుక్కలను వదులుతారన్నమాట.

బూరె_వాళ్ళ_అమ్మ | 19 నవంబర్, రాత్రి 10:30

ఏఈ గారూ, మీ మాటలన్నీ శిరోధార్యం, ఇది ఒక్కటి తప్ప. మూడో లైను గారన్నది సబబుగా ఉంది. శీర్షికలోనే కుక్కలు ఉంటాయి. దాచిపెట్టి తెచ్చుకున్న పార్కుకు మొదటి గొడవలోనే తాళం పడుతుంది.

మూడో లైను గారూ, మీ ఇంటి ఎదురుగా వచ్చేది కాబట్టి మిమ్మల్నే అడుగుతున్నాను. ఏ షరతులు ఉంటే మీరు అభ్యంతరం చెప్పరు?

మూడో_లైను | 20 నవంబర్, ఉదయం 6:20

రాత్రి మా ఆవిడ కూడా చర్చ చదివింది. ఇద్దరం కూర్చుని రాసినవి:

పట్టీ పొడవు చాలా ఉంది. మా ఇళ్ళ ఎదురుగా ఉన్న సగం పిల్లలకు, నడిచేవాళ్ళకు. అవతలి చివర కుక్కలకు. రెండు పనులూ ఒకేసారి మొదలు కావాలి. "ముందు కుక్కలది, పిల్లలది తరువాత" అంటే ఒప్పుకోం. పార్కు దాకా రోడ్డు మీద ప్రతి కుక్కకూ పలుపు ఉండాలి, పది అడుగుల తాడు కాదు, చేతిలో బిగించి పట్టుకునేది. పలుపు పిల్లల చేతికి ఇచ్చి పంపకూడదు. రాత్రి తొమ్మిది తరువాత తాళం. ఎవరి కుక్క అయినా కరిస్తే యజమాని పేరు దాచకుండా సంఘం పోలీసులకు ఫిర్యాదు ఇవ్వాలి. భారతీయ న్యాయ సంహితలో 291వ సెక్షన్ ఇందుకోసమే ఉంది, మా బావమరిది వకీలు.

కానుగ నీడ గారు చెప్పిన చెవుల లెక్క కూడా పెట్టండి. పొద్దున నేనే బాల్కనీలోంచి చూశాను. తుమ్మల్లో కనబడినవాటిలో మూడింటికి కత్తిరింపు లేదు. ఒకటి కడుపుతో ఉంది.

కానుగ_నీడ | 20 నవంబర్, ఉదయం 6:55

కడుపుతో ఉన్నదాని ఫోటో ఒకటి తీయగలరా? ఈనడానికి ఎన్నాళ్ళుందో చూస్తే తెలుస్తుంది. కన్నాక పిల్లలు పాలు మరిచేదాకా ఆగాలి. మిగిలిన రెండింటిని పట్టించే పని నేను మాట్లాడతాను.

కోశాధికారి_గారు | 20 నవంబర్, ఉదయం 9:30

సంతకాల విషయంలో ఒక చిట్కా. కుక్కలు పెంచనివాళ్ళవి మొదటి పేజీలో ఉండాలి. అర్జీ తీసుకునే అధికారి మొదటి పేజీయే చదువుతాడు. వాళ్ళ పేర్ల పక్కన "కుక్క లేదు" అని రాయించండి. నవ్వొచ్చినా సరే.

నెల ఖర్చు సంగతి ఇప్పుడే తేల్చుకోండి. ఊడ్చే మనిషికి అదనంగా ఇచ్చే జీతం, గడ్డి కోత, సంచులు, తాళాలు. ఇది సంఘం సాధారణ నిధి నుంచి వద్దు. కుక్క లేనివాళ్ళు ఎందుకు ఇవ్వాలి? కుక్క ఉన్న ఇంటి నుంచి వేరుగా వసూలు చేయండి, వేరే పుస్తకం రాయండి.

నిర్వాహకుడు | 20 నవంబర్, మధ్యాహ్నం 3:00

ఒక జాతి కుక్కలను నిషేధించాలా వద్దా అన్న మాటల యుద్ధాన్ని వేరే చర్చకు మార్చాను. కేంద్రం 2024 మార్చిలో 23 జాతులపై ఇచ్చిన ఉత్తర్వును కర్ణాటక హైకోర్టు కొట్టేసింది. మిగతా వాదన అక్కడ కొనసాగించండి. ఇక్కడ పార్కు గురించే రాయండి.

బూరె_వాళ్ళ_అమ్మ | 24 నవంబర్, రాత్రి 9:15

ఈ రోజు ప్రజావాణిలో, అంటే సోమవారం అధికారులు అర్జీలు తీసుకునే చోట, అర్జీ ఇచ్చాం. మేం ఆరుగురం వెళ్ళాం. మూడో లైను గారు కూడా వచ్చారు, కుక్క లేనివాళ్ళ తరఫున.

బల్ల ముందు కూర్చోగానే అడిగిన మొదటి ప్రశ్న, "నిర్వహణ ఎవరిది?" కోశాధికారి గారు చెప్పినట్లు యజమానుల చందా తీర్మానం, పేర్ల జాబితా ఇచ్చాం. రెండో ప్రశ్న, "చుట్టుపక్కల అభ్యంతరాలు ఉన్నాయా?" మూడో లైను గారు లేచి తన షరతుల కాగితం చదివారు. పిల్లల భాగం ఒకేసారి మొదలు కాకపోతే ఇదే కుర్చీకి వచ్చి వ్యతిరేక అర్జీ ఇస్తానని కూడా చెప్పారు! నాకు గుండె జారింది కానీ, అధికారికి ఆ మాటే నచ్చినట్లుంది. రసీదు ఇచ్చి ఉమ్మడి తనిఖీకి రాశారు. ఉద్యాన విభాగం, పశువైద్య విభాగం, ట్రాన్స్‌కో మనిషి.

విశ్రాంత_ఏఈ | 24 నవంబర్, రాత్రి 9:50

రసీదు నంబరు రెండు చోట్ల రాసి పెట్టుకోండి. తనిఖీ రోజున లేఅవుటు నకలు, టేపు, మంచినీళ్ళ సీసాలు చేతిలో ఉండాలి. టవరు కాళ్ళ నుంచి కొలతలు వాళ్ళ ముందే తీసి, అదే కాగితం మీద వాళ్ళ సంతకం అడగండి. ఇవ్వకపోయినా తేదీ వేసి ఫోటో తీసుకోండి.

బూరె_వాళ్ళ_అమ్మ | 3 డిసెంబర్, సాయంత్రం 7:40

తనిఖీ అయింది. అనుకున్నవన్నీ రాలేదు.

ట్రాన్స్‌కో ఉద్యోగి టవరు కింద అటూ ఇటూ నడిచి, కుక్కల భాగాన్ని టవరుకు ఇంకా దూరం జరపమన్నారు. దాంతో మా ఆవరణ అనుకున్న దానిలో సగం కన్నా కొంచెం ఎక్కువ మిగిలింది. చిన్న కుక్కలకు వేరే గది ప్రస్తుతానికి లేదు, వాటికి వేరే వేళలు పెట్టుకోవాలి. ఇనుప కంచెకు రాతపూర్వక అనుమతి వచ్చేదాకా ఆగమన్నారు. అంతవరకు చుట్టూ గోరింట కంచె నాటుకోవచ్చు, కుక్కలను మాత్రం పలుపు విప్పకూడదు. తుమ్మ, చెత్త తొలగింపుకు ఉద్యాన విభాగం ఒప్పుకుంది. కుళాయి సంగతి జలమండలికి వేరే దరఖాస్తు అన్నారు. పిల్లల భాగానికి ఉయ్యాలలు వార్డు నిధుల ప్రతిపాదనలో చేరుస్తామన్నారు.

కడుపుతో ఉన్న కుక్క నిన్న రాత్రి కమోడ్ల గుట్ట వెనక ఈనింది. అయిదు పిల్లలు. ఆ మూల వరకు జేసీబీ వెళ్ళకుండా సున్నంతో గీత గీయించాం. పాలు మరిచాక తల్లిని పంపుతారు.

పశువైద్యం_కరీంనగర్ | 3 డిసెంబర్, రాత్రి 8:30

వేళలు విడిగా పెట్టుకోవడం గోడ కన్నా మేలు కూడా. ఉదయం చిన్నవాటికి ముందు ఇవ్వండి. ఎండాకాలంలో ఎనిమిది దాటాక ఎవరికీ వద్దు, మే నెలలో అరికాళ్ళు కాలిపోతాయి. కుక్కపిల్లలకు ఆరు వారాలు నిండగానే మొదటి టీకా వేయిస్తే దత్తతకు ఇళ్ళు తేలిగ్గా దొరుకుతాయి.

విశాఖ_ఎంవీపీ | 4 డిసెంబర్, ఉదయం 10:10

మాది విశాఖ. మా కాలనీలోనూ ఇదే గొడవ. మీ అర్జీ తుది ప్రతి ఇక్కడ పెట్టగలరా? యథాతథంగా వాడుకుంటాం.

విశ్రాంత_ఏఈ | 4 డిసెంబర్, ఉదయం 10:45

యథాతథంగా వద్దు బాబూ. జీవో 168 నాటికి రాష్ట్రం ఒకటే, ఆ తరువాత ఆంధ్రప్రదేశ్‌కు 2017లో వేరే నియమాలు వచ్చాయి. మీ లేఅవుటు ఎప్పటిదో, దాన్ని బట్టి చూసుకోవాలి. ముందు లేఅవుటు నకలు తెచ్చి ఇక్కడ ఫోటో పెట్టండి. మీ దగ్గర కూడా సోమవారమే కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకుంటారు.

మూడో_లైను | 5 డిసెంబర్, రాత్రి 9:05

ఆదివారం ఉదయం ఏడింటికి తుమ్మ తీయడానికి జేసీబీ వస్తుందని ఫోను వచ్చింది. ముళ్ళు మందంగా ఉన్నాయి, చెప్పులు వేసుకుని రాకండి, బూట్లు, తోలు తొడుగులు ఎవరివి వాళ్ళే తెచ్చుకోండి. నా దగ్గర రెండు కత్తులు ఉన్నాయి. టిఫిన్ మా ఇంట్లో, ఇడ్లీ. ఎంతమంది వస్తారో శనివారం రాత్రిలోగా ఇక్కడే చెప్పండి, పిండి రుబ్బుకోవాలి.

కొండాపూర్_దగ్గర | 5 డిసెంబర్, రాత్రి 9:12

ఇద్దరం.